పెండ్లికి వెళ్ళు మగవారి వేషము — కొంత చరిత్ర, కొంత విన్నపము

ఉగాది పచ్చడి తిన్న మరునాటి నుండియే మన ఇండ్లకు శుభలేఖలు రావడము మొదలగును. వైశాఖ, జ్యేష్ఠములు పెండ్లిండ్ల మాసములు. అవియే ఎండల మాసములు కూడ. బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ రెండు నెలలు పరీక్షాకాలమనియే చెప్పవలెను. మన బంధువులు బెజవాడ, గుంటూరు, నెల్లూరు, కాకినాడ, ఓరుగల్లు ప్రాంతములలో ఉందురు. మనమేమో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, చల్లగాలికి అలవాటుపడి ఉన్నవారము. రాత్రి ఇక్కడ రైలెక్కి, తెల్లవారి అక్కడ దిగగానే ఉక్కపోత ఎదురువచ్చి స్వాగతము చెప్పును. ముహూర్తము పగటిపూట అయినచో ఎండ 40 డిగ్రీలు దాటుటయు మామూలే.

మేము రైల్వేలో గుమాస్తా ఉద్యోగము చేయుచున్నవారము. వేసవిలో శేషాద్రి, ప్రశాంతి, కొండవీడు బండ్లు బయలుదేరు సమయమున ప్లాట్‌ఫారము మీద కనబడు ఒక దృశ్యము మాకు చిరకాలముగా పరిచితము. ఆడవారి చేతిలో పట్టుచీరల పెట్టె, పిల్లల చేతిలో నీళ్ళ సీసాలు, మగవాని భుజముపై జిప్పు వేసిన పొడుగాటి సంచి. ఆ సంచిలో సూటు ఉండును. మే నెలలో కృష్ణాతీరమునకు పోవు మనిషి ఉన్నికోటు మోసికొని పోవుటకు కారణమేమి? ఈ అలవాటు ఎప్పుడు వచ్చినది? అంతకుముందు మన పెద్దలు ఏమి కట్టుకొని వెళ్ళెడివారు?

ఆడవారి చీరల గురించి, నగల గురించి వ్రాయువారు చాలమంది కలరు. మగవాని బట్టల గురించి పట్టించుకొన్నవారు తక్కువ. అందులోను ఇప్పుడు 'డెస్టినేషన్ వెడ్డింగు' అను క్రొత్త పద్ధతి వచ్చినది. వధువు ఊరును కాదు, వరుని ఊరును కాదు. గోవా యనియో, విశాఖ సముద్రతీరమనియో, కేరళలో నీటి ఒడ్డు అనియో, బాలీ, థాయిలాండు అనియో మూడవ చోటు నిర్ణయించి అందరిని అక్కడికి రమ్మనుచున్నారు. శుభలేఖతోపాటు మరియొక కార్డు వచ్చును. మెహందీకి ఈ రంగు, సంగీతునకు ఆ రంగు, రిసెప్షనుకు సూటు అని అందులో ఉండును. పిలిచినవారికది సరదాయే. నెలజీతముపై సంసారము నడుపువానికి, పంచె తప్ప మరియొకటి కట్టని వాని తండ్రికి మాత్రము అది సరదా కాదు. "మీరు వెళ్ళి రండి, నేను ఇంట ఉందును" అని పెద్దలు తప్పుకొనుట మనలో అనేకుల ఇండ్లలో జరుగుచున్నదే. ఒక గుడ్డముక్క మూలముగా తాతగారు మనుమరాలి పెండ్లి చూడలేకపోవుట చిన్న సంగతి కాదు. ఈ వ్యాసమునకు అదియే ప్రేరణ. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదువుకొన్నవారము. గ్రంథాలయములలో చదివినది, కన్నది, పెద్దలవలన విన్నది మాత్రమే ఇచ్చట మనవి చేయుచున్నాము.

ఎండ నేర్పిన కట్టు

తెలుగుదేశపు మగవాని మూలవస్త్రములు రెండు. నడుమునకు పంచె, భుజమునకు ఉత్తరీయము. రెండును కుట్టులేనివి, నూలువి, తెల్లనివి. కుట్టురాక కాదు, దేశకాలముల ననుసరించియే ఈ కట్టు నిలిచినది. ఉక్క ప్రదేశములో చెమట ఆరినగాని దేహము చల్లబడదు. చెమట ఆరుటకు గాలి ఆడవలెను. పంచె కట్టులో క్రిందనుండి మీదికి గాలి ఆడును. ఉత్తరీయము చలివేసినప్పుడు కప్పుకొనవచ్చును, చెమట పట్టినప్పుడు తుడుచుకొనవచ్చును, గాలి లేనప్పుడు విసరుకొనవచ్చును, ఎండలో తలకు చుట్టుకొనవచ్చును. ఒక్క గుడ్డ నాలుగు పనులకు వచ్చును.

ఈ పల్చని నూలుబట్టకు తెలుగుదేశము పెట్టినది పేరు. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్రవర్తకులకు అభయమిచ్చుచు మోటుపల్లిలో శాసనము వేయించినాడు. అదే రేవునకు ఆ శతాబ్దపు చివరిభాగమున వెనిసు వర్తకుడు మార్కో పోలో వచ్చినట్లు చెప్పుకొని, అక్కడి బట్ట సాలెగూడువలె సన్నగా ఉన్నదనియు, ధరింప ఇష్టపడని రాజుగాని రాణిగాని లోకములో ఉండరనియు భావము వచ్చునట్లు వ్రాసినాడు. అనగా మన ఎండలకు సరిపోవు బట్టను మనవారు ఏడువందల ఏండ్లకు పూర్వమే లోకమంతయు మెచ్చునట్లు నేసిరన్న మాట.

ఒక ఆస్థానము, ఇద్దరు అతిథులు

అయితే మన పూర్వులు ఎల్లప్పుడును పంచె ఉత్తరీయములతోనే సభలకు వెళ్ళినారనుట సరికాదు. సభకు ఒక వేషము, ఇంటికి ఒక వేషము అను భేదము విజయనగర కాలమునందే స్పష్టముగా కనబడుచున్నది. అప్పటి ఆస్థానములో పెద్దలు పొడుగాటి కబాయి తొడిగి, తలపై నిలువుగా నుండు కుళ్లాయి పెట్టెడివారు. కబాయి అనునది అరబ్బీ మాటనుండియు, కుళ్లాయి అనునది పారసీక మాటనుండియు వచ్చినవి. పశ్చిమాసియా దేశములనుండి వచ్చు రాయబారులు, గుఱ్ఱపు వర్తకులు గౌరవముగా తలచు వేషము అది. పెద్ద రాజ్యముల మధ్య తానును పెద్ద రాజ్యమే యని చూపించుకొనుటకు విజయనగరము ఆ వేషమును స్వీకరించినది. ఈనాటి సూటు వంటిదే ఆనాటి కబాయి అనుకొనవచ్చును.

ప్రౌఢ దేవరాయలు, అనగా రెండవ దేవరాయలు, ఏలుచుండగా ఆయన ఆస్థానమునకు వచ్చిన ఇద్దరు అతిథుల కథ మన విషయమునకు చక్కగా సరిపోవును.

మొదటివాడు హెరాతు నగరమునుండి తైమూరు కుమారుడైన షారుఖు పంపిన రాయబారి అబ్దుర్ రజాకు. 1443 వేసవిలో విజయనగరము చేరినాడు. తన దేశపు మర్యాద ప్రకారము దుస్తులపై దుస్తులు తొడిగికొని కొలువునకు వెళ్ళినాడు. వైశాఖమాసపు ఎండలో హంపి బండల నడుమ ఆ పొరలన్నియు ధరించిన మనిషి స్థితి ఎట్లుండునో మనకు వేరే చెప్పనక్కరలేదు. చెమటలో మునిగిపోయితినని ఆయనయే వ్రాసికొన్నాడు. అది చూచి రాజు జాలిపడి, తన చేతిలోని చీనా విసనకర్రను తీసి ఆయనకిచ్చినాడట. తరువాత తాంబూలము, కర్పూరము, నాణెముల సంచి ఇచ్చి సత్కరించినాడు. రాయబారి ఎన్నో వైభవములు వర్ణించినాడు గాని, మాకు అన్నిటికన్న గుర్తున్నది ఆ విసనకర్ర.

రెండవ అతిథి మన శ్రీనాథ మహాకవి. తెలుగుదేశమునుండి కన్నడ రాజ్యమునకు వెళ్ళిన అతిథి కనుక ఆయన మనకు ఒక విధముగా మూలపురుషుడు. బెంగుళూరు తెలుగువారు ఆయనను తలచుకొనుట న్యాయము. ఆయన పేరిట ప్రచారములోనున్న ఒక చాటుపద్యములో ఆ ఆస్థానమున ప్రవేశము దొరకుటకు పడిన పాట్లన్నియు ఏకరువు పెట్టినాడు. కుళ్లాయి పెట్టవలసి వచ్చినది, ఒంటికి పట్టిన పెద్ద అంగీ తొడుగవలసి వచ్చినది, అలవాటు లేని తిండి తినవలసి వచ్చినది. తల్లీ, ఇంకను నాపై దయరాదా అని కన్నడ రాజ్యలక్ష్మినే మొరపెట్టుకొన్నాడు. కనకాభిషేకము పొందినాడని ప్రసిద్ధిగల మహాకవికే వేషము ఇంత బాధ పెట్టినపుడు, సంగీతునకు నీలిరంగు కోటు వెదకు గుమాస్తాను చూచి ఎవ్వరును నవ్వనక్కరలేదు.

ఈ ఇద్దరి మధ్యనున్న తేడాను గమనింపవలెను. ఒకడు తన దేశపు బట్టలను మార్చుకొనక ఉక్కతో బాధపడినాడు. మరియొకడు ఆతిథ్యమిచ్చు దేశపు బట్టలు తొడిగి ఇబ్బందిపడినాడు. అనగా అతిథికి రెండువైపుల కష్టమున్నది. కష్టము తీర్చవలసినది ఎవరు? దేవరాయలు విసనకర్ర ఇచ్చి ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినాడని మాకు తోచుచున్నది.

రాయలవారి బట్టలు

శ్రీకృష్ణదేవరాయల కాలమునకు వత్తుము. 1520 ప్రాంతమున రాయలను చూచిన పోర్చుగీసువాడు దొమింగో పాయిస్, రాజు తెల్లని వస్త్రములు ధరించినాడనియు, వాటిపై బంగారు గులాబీల అల్లిక ఉన్నదనియు, తలపై జరీ టోపీ ఉన్నదనియు, కాళ్ళకు చెప్పులు మాత్రము లేవనియు వ్రాసినాడు. రాజు సన్నిధికి ఎవరైనను వట్టికాళ్ళతోనే రావలెను. అంతటి చక్రవర్తికి కూడ తెలుపే ముఖ్యవర్ణము. తిరుమలలో ఆలయద్వారము వద్ద ఉన్న రాయలవారి లోహవిగ్రహమును మనలో చూడనివారు ఉండరు. ఇరుప్రక్కల దేవేరులతో చేతులు జోడించి నిలిచిన ఆ మూర్తికి తలపై కుళ్లాయి ఉన్నది గాని ఒంటిపై అంగీ లేదు, పంచె కట్టు మాత్రమే. కొలువునకు కబాయి, దేవుని యెదుట పంచె. ఏ చోటికి ఏ వేషము తగునో ఎరిగిన మనిషి ఆయన.

ఈ కుళ్లాయిలను, కబాయిలను కండ్లార చూడవలెనన్నచో దూరము పోనక్కరలేదు. బెంగుళూరునకు సుమారు 120 కిలోమీటర్ల దూరములో, హిందూపురము దగ్గర లేపాక్షి యున్నది. విజయనగరపు అధికారి విరుపణ్ణ పదునారవ శతాబ్దములో కట్టించిన ఆ వీరభద్రాలయపు పైకప్పు చిత్రములలో పొడుగు టోపీల ప్రముఖులు, తెల్లని నిలువుటంగీలు, రకరకముల అంచుల చీరలు ఇప్పటికిని కలవు. ఒక ఆదివారము పిల్లలను తీసికొని పోయి చూపించుట మంచిది. నేత అద్దకములవారు ఆ చిత్రములనుండి నేటికిని నమూనాలు తీసికొనుచున్నారు. బెంగుళూరు కోట కట్టించిన కెంపేగౌడ కూడ విజయనగరపు సామంతుడే; 1537లో ఈ నగరము పుట్టినది ఆ కాలముననే. కనుక ఈ చరిత్ర తెలుగువారికి, కన్నడిగులకు ఉమ్మడి ఆస్తి. మన పంచెను వారును పంచె యనియే పిలుచుట చూడుడు.

అతిథికి బట్టలిచ్చుట

పాయిస్ వ్రాసిన మరియొక విషయము మాకు మిక్కిలి ముఖ్యముగా కనబడినది. గోవానుండి వచ్చిన పోర్చుగీసు పెద్దకు సెలవిచ్చునప్పుడు రాయలవారు జరీ కబాయిని, తాను ధరించునటువంటి టోపీని బహూకరించినారట. వెంట వచ్చిన ఒక్కొక్కరికి అల్లికపని చేసిన వస్త్రమిచ్చినారట. స్నేహమునకు, ప్రేమకు గుర్తుగా ఇచ్చుట ఇక్కడి ఆచారమని అతడు వివరించినాడు. ఇదియే మనము నేటికిని 'బట్టలు పెట్టుట' అని చెప్పు మర్యాద. అల్లునికి, వియ్యంకునికి, మేనమామకు, ఇంటి పెద్దలకు పంచెల చాపు పళ్ళెములో పెట్టి బొట్టుపెట్టి ఇచ్చుట మన పెండ్లిండ్లలో ఇంకను ఉన్నది.

మధుపర్కము అను మాటను ఆలోచించుడు. పెరుగు, తేనె, నేయి కలిపి గౌరవనీయుడైన అతిథికి ఇచ్చు పదార్థమునకు అది ప్రాచీన నామము. పెండ్లికొడుకు కూడ ఆ వేళ అతిథియే గనుక అతనికిని ఇచ్చెదరు. ఆ సమయమున ఇచ్చు తెల్లని నూలుబట్టలకు తెలుగుదేశములో మధుపర్కములనియే పేరు నిలిచిపోయినది. ఎంత ధనవంతుడైనను తాళికట్టు వేళకు పట్టు, జరీ విప్పి ఈ నూలుబట్టలే కట్టవలెను. మన పెండ్లిలో అన్నిటికన్న పవిత్రమైన వస్త్రము అన్నిటికన్న చవకయైనది, అన్నిటికన్న చల్లనైనది. దీనిని మించిన పాఠము వేరొకటి కలదా?

పూర్వాచారములో అతిథి బట్టల భారము పిలిచినవానిది. నేటి రంగులకార్డులో ఆ భారము పిలువబడినవానిది. చరిత్రలో జరిగిన మార్పు ఇదియే.

కోటు వచ్చిన విధము

కోటు మనకు ఇంగ్లీషువారితో వచ్చినది. బెంగుళూరులో 1809లో కంటోన్మెంటు ఏర్పడినది. 1864లో జోలార్‌పేటనుండి కంటోన్మెంటునకు రైలు వచ్చినది. ఆ రైలుమార్గమున మదరాసు రాజధానినుండి గుమాస్తాలు, కాంట్రాక్టర్లు, వర్తకులు వచ్చినారు. మన తెలుగువారును అందులో ఉన్నారు. ఆఫీసు ఉద్యోగికి అప్పటి వేషము విచిత్రమైన సంధి. క్రింద పంచె, పైన కోటు, తలకు పాగా, భుజమున ఉత్తరీయము. దొరగారికి కోటు, తాతగారికి పంచె అన్నట్లు ఇద్దరిని సంతోషపెట్టిన వేషము అది. పందొమ్మిదవ శతాబ్దపు పెద్దల పటములు చూచినచో ఈ వేషమే కనబడును.

మైసూరు సంస్థానములో దసరా దర్బారునకు నల్లని పొడుగు కోటు, జరీ పేటా నియమము. హైదరాబాదులో నిజాము కొలువునకు షేర్వానీ, తలకు దస్తారు, నడుమునకు బగ్లూసు అను పట్టీ ఉండవలెను. తెలంగాణపు పెండ్లిండ్లలో షేర్వానీ అప్పటినుండియే మర్యాద వేషమైనది. ఇక మైసూరు దివానుగా 1912 నుండి 1918 వరకు పనిచేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని చెప్పుకొనవలెను. వారి పూర్వుల ఊరు నేటి ఆంధ్రప్రదేశములోని మోక్షగుండము. సూటు, టై, దానిపై మైసూరు పేటా, ఇదియే వారి వేషము. వారు సూటు వేసినది ఈ చల్లని పీఠభూమిలో అని గుర్తుంచుకొనవలెను. 1884లో ఇక్కడ స్థాపితమైన బెంగుళూరు ఉలెన్, కాటన్ అండ్ సిల్కు మిల్లు పేరులోనే ఉన్ని మొదట ఉన్నది. బెంగుళూరు ఉదయమునకు ఉన్నికోటు తగును. అదే కోటు బెజవాడ మధ్యాహ్నమునకు తగునా?

ఈ కోటునకు ఎదురుతిరిగినవారును కలరు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో కాంగ్రెసు కమిటీ సమావేశము జరిగినది. అదే సంవత్సరము సెప్టెంబరు 22న మదురలో గాంధీగారు పంచెను కూడ తగ్గించి కొల్లాయి కట్టినారు. పేదవానికి లేని బట్ట తనకును వలదన్నది ఆయన వాదము. 1931లో లండనులో ఇంగ్లాండు చక్రవర్తి తేనీటి విందునకు కూడ అదే గుడ్డతో, పైన శాలువాతో వెళ్ళినారు. అంతకు మించిన డ్రెస్సుకోడు ఉన్న విందు లోకములో లేదు. అయినను పిలిచినవాడు లోపలికి రానిచ్చినాడు. గాంధీగారు మెచ్చిన మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతియు చెప్పవలెను. కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి శుభ్రపరచి, నూరవ నంబరు వరకు సన్నని నూలు వడకి నేయుదురు. మోటుపల్లి సాలెగూటి బట్టకు అది వారసురాలు.

స్వరాజ్యము వచ్చిన తరువాత ఖద్దరు తగ్గినది. 1960ల నాటికి టెరిలిన్, టెరికాట్ వచ్చినవి. ఇస్త్రీ అక్కరలేదు, చిరుగదు, మెరయును. ఉద్యోగస్థుని ఇంట దానికి పెద్దపీట వేసినారు. కాని నూలు తన బరువులో సుమారు 8 శాతము తేమను గాలినుండి పట్టుకొనగలదు. పాలియెస్టరు అర శాతము కూడ పట్టుకొనలేదు. అందుచేత దానిలో చెమట ఒంటికే అంటుకొనియుండును. హోమగుండము దగ్గర నిప్పురవ్వ పడినచో ఆ గుడ్డ కరిగి చర్మమునకు అంటుకొను ప్రమాదము కూడ ఉన్నది. నేడు అంగడిలో తక్కువ వెలకు దొరకు సూట్లు, షేర్వానీలు చాలవరకు ఈ రకమువే.

గుమ్మము దగ్గర పంచె

బట్ట మారినది, అంతవరకు బాధలేదు. పాతబట్ట కట్టినవానిని గుమ్మము దగ్గర ఆపుటతో బాధ మొదలైనది. 2014లో మద్రాసులో ఒక క్లబ్బులోనికి పంచె కట్టినందున ఒక హైకోర్టు న్యాయమూర్తిని రానీయలేదు. ఆ సంవత్సరమే తమిళనాడు శాసనసభ చట్టము చేసి, సంప్రదాయ వస్త్రము కట్టినవారిని బహిరంగ స్థలములలో ఆపరాదని నిర్ణయించినది. మన బెంగుళూరులోనే 2024 జూలైలో మాగడి రోడ్డులోని ఒక మాల్‌కు కుమారునితో సినిమా చూడ వచ్చిన వృద్ధ రైతును పంచె కారణముగా ఆపినారు. రాష్ట్రమంతట గగ్గోలు పుట్టి, ప్రభుత్వము ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించినది.

మా కుటుంబములో జరిగిన దానిని కూడ చెప్పుదుము. కొన్ని ఏండ్ల క్రిందట సముద్రపుటొడ్డున ఒక విడిదిలో మా వారి పెండ్లి జరిగినది. మా పెదనాన్నగారు చలువపంచె, లాల్చీ, కండువాతో వచ్చినారు. ద్వారము వద్ద కాపలావాడు ఆయనను వంటవారి మనిషి అనుకొని వెనుక దారి చూపించినాడు. పెదనాన్నగారు పెద్దమనిషి గనుక ఏమియు అనక ఆ దారినే వెళ్ళి, వంటలు ఎట్లున్నవో చూచి, లోపలికి వచ్చి కూర్చున్నారు. పెండ్లి అయిన తరువాత ఆయనే నవ్వుచు చెప్పినారు. ఆ పిల్లవాని తప్పేమియు లేదు. పంచె కట్టిన అతిథిని అతడు అంతకుముందు ఆ గుమ్మములో చూచియుండడు. అందరు సూట్లలో వచ్చినపుడు, పంచెలో ఉన్నవాడు పనివాడే అని లోకము నేర్పినది. అతిథులు పది మంది పంచెలలో వచ్చినచో ఆ పాఠము మారును.

ఇతర దేశములు చేసినది

ఉక్కదేశముల వారందరు సూటునకు లొంగిపోలేదు. హవాయి ద్వీపములలో 1930లలో పుట్టిన పూలచొక్కాను, 1966 నుండి ఆఫీసులకు కూడ శుక్రవారము నాడు వేసికొని పోవు ఆచారము ప్రారంభమైనది. నేడు అక్కడ పెండ్లికి అతిథి ఆ చొక్కాతోనే పోవును. ఫిలిప్పీన్సులో అనాసనారతో నేసిన పల్చని చొక్కా బరోంగు, మర్యాదస్థుని పెండ్లి వేషము. ఇండోనేసియాలో పొడుగు చేతుల బాతిక్ చొక్కా సూటునకు సమానము. బాతిక్ కళను 2009లో యునెస్కో గుర్తించినది. చలిదేశమైన జపాను కూడ 2005లో వేసవి ఆఫీసులకు కోటు, టై వలదని, ఎ.సి.ని 28 డిగ్రీల వద్ద ఉంచుమని ప్రభుత్వమే ప్రచారము చేసినది. బంగ్లాదేశ్‌లో 2009లో కరెంటు పొదుపు కొరకు అధికారులను సూట్లు మానుమన్నారు.

ఇందులో ఒక లెక్క ఉన్నది. సూటులో ఉన్నవానికి చల్లదనము చాలదు గనుక కల్యాణమండపములో ఎ.సి. తగ్గించెదరు. అప్పుడు పంచెలోని తాతగారికి, పట్టుచీరలోని అమ్మమ్మగారికి వణుకు పుట్టును. ఇరువది మంది సూట్ల కొరకు మూడు వందల మంది చలికి వణకుట, దానికై కరెంటు వ్యయమగుట, ఇది న్యాయమా?

కొన్ని సూచనలు

చరిత్ర ఇంతవరకు చెప్పి, ఈ వేసవిలో ప్రయాణము కట్టు సోదరులకు మాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

కోస్తాలో పగటి పెండ్లికి నూలుపంచె, నూలు లాల్చీ లేక అరచేతుల చొక్కా, కండువా మేలు. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, పొందూరు బట్టలు ఉండగా దూరము పోనేల? పంచె జారునను భయముగల యువకులకు అంటుకొను పట్టీతో కుట్టిన పంచెలు చిక్కపేటలో దొరకును. వాటిని చూచి నవ్వవలదు, అలవాటగు వరకు అవి మంచివే. పంచె వలదనువారికి పల్చని నూలు ప్యాంటు, లేతరంగు చొక్కా చాలును.

సముద్రపుటొడ్డున ఇసుకలో జరుగు పెండ్లికి లేసులుగల బూట్లు వలదు. విప్పుటకు వీలగు చెప్పులు మేలు. రాయలవారి కొలువులోనే వట్టికాళ్ళు మర్యాద అయినపుడు ఇసుకలో సిగ్గెందులకు? మధ్యాహ్నపు ఎండకు కండువా తలకు చుట్టుకొనుటకు సంకోచింపరాదు.

దేవాలయములో పెండ్లి అయినచో అక్కడి నియమము ముందుగా తెలిసికొనవలెను. గురువాయూరులో మగవారు చొక్కా లేక ముండుతోనే లోపలికి పోవలెను. తిరుమల కల్యాణోత్సవమునకు సంప్రదాయ వస్త్రము నియమము.

రాత్రి రిసెప్షనుకు కోటు తప్పదనుకొన్నచో లోపల లైనింగు లేని నూలు లేక నార బట్ట కోటు కుట్టించుకొనవచ్చును. ఉన్నది ఇస్త్రీ చేసి వేసికొనుట అప్పుచేసి క్రొత్తది కొనుటకన్న గౌరవము. పెండ్లికొడుకును మించిన జరీ అతిథికి తగదు.

ఇక పిలుచువారికి ఒక్క విన్నపము. కార్డుపై రంగులు వేయుడు, కాదనము. కాని దాని క్రింద ఒక వాక్యము చేర్చుడు: "పెద్దలు తమకు అలవాటైన వస్త్రములలో రావలెను" అని. ద్వారము వద్దనున్న మనిషికి ఆ మాట చెప్పి ఉంచుడు. వీలున్నచో మన పూర్వాచారము ప్రకారము అతిథికి ఒక నూలుకండువా విడిదిలోనే ఇచ్చి ఆహ్వానించుడు. వందమంది మెడలో ఒకే అంచు కండువా ఉన్నచో ఫోటోలో రంగు కుదురును, అతిథికి ఖర్చు తప్పును, నేతగానికి కూలి దక్కును.

చలిదేశపు రాయబారికి చెమటపట్టినపుడు దేవరాయలు నీ దుస్తులు మార్చుకొని రమ్మనలేదు. తన విసనకర్ర తీసి ఇచ్చినాడు. ఆతిథ్యము తెలిసినవాని పద్ధతి అది. ఈ క్రొత్త సంవత్సరమున మన ఇండ్లలో జరుగు శుభకార్యములన్నిటికి తాతలు, తండ్రులు, మనుమలు తమ తమ కట్టులలో నిస్సంకోచముగా వచ్చి, ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుదురుగాక. సోదర సోదరీమణులందరికి ఉగాది శుభాకాంక్షలు.